ఇతని అక్క నా తల్లి

ఒక ఫొటోలోని మగమనిషిని చూపిస్తూ ఒక స్త్రీ అన్నది: ఇతని అక్క నా తల్లి. ఆ స్త్రీకి ఇతను ఏమవుతాడు? అ) అన్న, ఆ) తండ్రి, ఇ) మేనమామ, ఈ) ఇచ్చిన సమాచారం చాలదు. కాగితం మగ్గం గుంజకు బట్టల క్లిప్పుతో వేలాడుతోంది. నేను పెట్టిన గుర్తు 'ఈ' మీద ఉంది, దాని మీద పరీక్ష పాఠాలు పంపే హైదరాబాదు సారు కొట్టిన ఎర్రగీత ఉంది. ఈ జాతి లెక్క తప్పడం నాకు ఇది మూడోసారో నాలుగోసారో. మగ్గం అటు చివర నుంచి అడ్డదారం మోసుకుని నాడె వచ్చింది, అంచు దగ్గర మెలి వేశాను, వెనక్కి పంపాను. కాకులన్నీ నల్లనివి, ఈ పక్షి నల్లనిది, కాబట్టి ఇది కాకేనా అని నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను. బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్న లెక్క, ఉత్తరానికి నడిచి కుడికి తిరిగినవాడి లెక్క, అబద్ధమే చెప్పే ఊరు, నిజమే చెప్పే ఊరు, అన్నీ వస్తాయి. ఇంటి మనుషుల లెక్క మాత్రం రాదు. నాడె మళ్ళీ వచ్చింది. ముందరింట్లో సాయన్న తాత గొంతు సవరించుకుంటున్నాడు, అంటే చాయ్ తాగడం అయింది, ఇక సంచిలోంచి పంచాంగం తీస్తాడు. గోపాల్‌పేట నుంచి పొద్దుటి బస్సుకు వచ్చాడు. మా కులంలో ఎవరింట్లో ఏది ఖాయం కావాలన్నా ఆయన దగ్గి, గొంతు సవరించుకుని, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. ఎదురుగా మగ్గానికి అటు చివర ఆశన్న మామ తల వంచుకుని నేస్తున్నాడు. ఆయన అక్క నా తల్లి.

విషయం పెద్దదేమీ కాదు, నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. రేపు పొద్దున హైదరాబాదులో లా కాలేజీ ప్రవేశ పరీక్ష, ఈ సాయంత్రం బస్సు ఎక్కితేనే అందుతుంది. ఆడపిల్ల ఒంటరిగా పోకూడదు. నాయనకు కంటి ఆపరేషనై పచ్చగుడ్డ కట్టుకుని కూర్చున్నాడు, కుదుపు తగలకూడదని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఇక మిగిలింది ఆశన్న మామ. కానీ మామ నాకు వరసైనవాడు, పెళ్లి కానివాడు, రాత్రికి పట్నంలో సత్రంలో ఉండాలి, రేపు తిరిగి వచ్చాక బజారు ఏమంటుందో బజారుకు ముందే తెలుసు. అందుకని ఈ పూటే తాంబూలాలు మార్చేస్తే సరి, ఖాయమైన పిల్లను కాబోయేవాడే తీసుకుపోయాడంటారు, నోళ్ళు మూతపడతాయి. ఇది అమ్మమ్మ తీర్పు. తాంబూలాలైతే వైశాఖంలో పెళ్లి. పెళ్లయినాక లా కాలేజీ ఎందుకన్నది కూడా అమ్మమ్మ తీర్పే, కాకపోతే అది ఇంకా పైకి అనలేదు, వక్కతోపాటు చెంగున కట్టుకుంది. పరీక్షకు పోవాలంటే మామతో పోవాలి. మామతో పోవాలంటే తాంబూలాలు కావాలి. తాంబూలాలైతే పరీక్ష అక్కర్లేదు. కాబట్టి నేను పరీక్షకు పోవాలంటే ముందు పరీక్ష అక్కర్లేని దాన్ని కావాలి. సారు పంపిన పాఠాల్లో ఇంత చక్కగా బిగిసిన లెక్క ఒక్కటీ లేదు, అమ్మమ్మ బడి మెట్లెక్కి ఎరుగదు. నాకు పరీక్ష కావాలి. ఇంత కావాలని నాకు ఈ మధ్యాహ్నం దాకా తెలియదు.

పాఠాలు పోస్టులో వస్తాయి. సారును నేను చూడలేదు, ఆయన ఎర్ర సిరానే చూశాను, ఆ సిరా వాలుగా, విసుగ్గా ఉంటుంది. ప్రతి పాఠం పైనా ఒక నియమం అచ్చు వేసి పంపుతాడు: ఇచ్చిన సమాచారం మాత్రమే తీసుకోవాలి, మీకు బయట తెలిసినది ఏదీ చేర్చరాదు. మొదట్లో నవ్వొచ్చింది, తెలిసినది తెలియనట్టు ఎట్లా ఉంటారని. తర్వాత అలవాటయింది, కాస్త హాయిగా కూడా ఉంది. రెండో పాఠంలో అనుకుంటా ఒక లెక్క వచ్చింది: లత తండ్రికి అక్క ఒకరు, లత తల్లికి తల్లి ఒకరు, వీరిద్దరూ కలిసి లతను చూడటానికి వచ్చారు, ఇంటికి వచ్చిన వారు ఎందరు? నేను ఒకరు కావచ్చు, ఇద్దరు కావచ్చు అని రాశాను. సారు కొట్టేసి ఇద్దరు అని రాశాడు, పక్కన 'ప్రశ్న సరిగా చదవండి' అన్నాడు. నేను కార్డు రాశాను, అయ్యా, మా ఇంట్లో ఒక్కరే వస్తారు, మా నాయన అక్కే మా అమ్మకు తల్లి, ఆమె ఒక్కతే రెండు వరసల్లోనూ వచ్చి ఒక్క చెంబు నీళ్ళే తాగుతుంది. సారు జవాబు ఒక్క వాక్యం. వ్యక్తిగత విషయాలు చేర్చరాదు. సారుది ఏ జిల్లానో, వాళ్ళింట్లో ఎవరు ఎవరిని చేసుకున్నారో నాకు తెలియదు, ఇచ్చిన సమాచారంలో లేదు. నిజానికి వాక్యంలో 'ఇద్దరూ' అని ముందే ఉంది కాబట్టి ఆయన అన్నదే సరి, నాకూ తెలుసు. అయినా చెయ్యి పోయి ఒకరు కావచ్చు అని రాసింది, ఎందుకంటే పెంటమ్మ అమ్మమ్మ వాకిట్లోకి వస్తుంటే ఇద్దరు వచ్చినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఒక్కతే వస్తుంది, నలుగురు వచ్చినంత చప్పుడుతో.

అమ్మమ్మ పుట్టిల్లు రాయచూరు వైపు. నేత నేర్చుకుంటాడని తన తమ్ముణ్ణి చిన్నప్పుడే గద్వాలకు తెచ్చుకుని ఈ మగ్గం ముందే కూర్చోబెట్టింది. ఆయన బాలకిష్టయ్య, మా నాయన. తర్వాత తన కూతురు బాలమణిని ఆయనకే ఇచ్చింది, ఆమె మా అమ్మ. అమ్మ తమ్ముడు ఆశన్న. కాబట్టి అమ్మ వైపు నుంచి వస్తే ఆశన్న నాకు మేనమామ, నాయన వైపు నుంచి వస్తే మేనత్త కొడుకు, బావ. రెండు దారుల్లోనూ వరసైనవాడు, ఒక దారి మూసేసినా ఇంకోటి తెరిచే ఉంటుంది. ఈ ఇంట్లో పిల్లలు పరాయింటికి పోరు, వాకిలి దాటి ఎదురు గదిలోకి పోతారు. అప్పగింతల నాడు అమ్మ ఎంత ఏడ్చిందో అమ్మమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది, ఈ గడప నుంచి ఆ గడపకు పోతూ ఏడ్చిన పిచ్చిది అంటుంది. అమ్మను ఒకసారి అడిగాను, ఎందుకు ఏడ్చావని. అమ్మ కండె చుడుతోంది. పెళ్లికి ముందు నాయనను మామా అని పిలిచేదట, పెళ్లయినాక ఆ పిలుపు నోట రాలేదు, ఇంకో పిలుపు లేదు. అప్పటి నుంచి 'ఇగో' అంటుంది. ఇగో అన్నం పెట్టిన, ఇగో నూలు అయిపోయింది. ఇన్నేళ్ళు ఒక మనిషిని ఏమీ పిలవకుండా బతకడం కుదురుతుందని మా అమ్మను చూసే తెలుసుకున్నాను. సుఖంగా లేవా అంటే, లేకేం, మగ్గం ఆగకుండా నడుస్తోంది కదా అన్నది. అది జవాబో కాదో తేల్చుకోలేక వదిలేశాను.

నాడె. గద్వాల చీర నడుమ నూలు, అంచు పట్టు, రెండూ రెండు దారాలు. నడిమి పేక, ఆ అడ్డదారం, అంచు దాకా వచ్చి అంచు పట్టుతో మెలి పడి వెనక్కి తిరగాలి, లేకపోతే చీర నిలువునా చీలిపోతుంది. అటు అంచుకు ఒకరు, ఇటు అంచుకు ఒకరు, ఇద్దరు కూర్చుంటే తప్ప ఈ నేత సాగదు. నేను ఎత్తు పీట వేసుకుని కూర్చునే వయసు నుంచి ఇటు చివర కూర్చుంటున్నాను, ముందు నాయనకు, నాయన కన్ను మసకబారాక మామకు. మగ్గానికి ఇటువైపు ఎవరు కూర్చుంటారన్నదే మా ఇళ్ళల్లో పెళ్లి. బజారులో ఎవరింటి సంబంధం గురించి మాట్లాడినా ముందు పిల్ల చెయ్యి చూస్తారు, మెలి బిగువుగా పడుతుందా లేదా అని. నా చెయ్యి మంచిదే. అందుకే అమ్మమ్మ నన్ను వదలదు. అది ప్రేమ కాదని అనను, ప్రేమలో మెలి కూడా ఉంది, అంతే.

లా చదవాలని ఎందుకు పుట్టిందంటే చెప్పడం కష్టం. ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ నుంచి వచ్చే దారిలో కోర్టు ఉండేది, ఎండకు దాని కిటికీ నీడలో నిలబడేదాన్ని. ఒకనాడు లోపల పొలం గట్టు తగాదా నడుస్తోంది, సాక్షి ఎవరో ముసలాయన, జూరాల కట్ట కింది ఊరివాడు. గట్టు జరిపింది ఫలానావాడే అన్నాడు. నువ్వు చూసినావా అని వకీలు. చూడలే, అందరికి ఎరుకే. అందరికి ఎరుకంటే ఎవరికి ఎరుక? ముసలాయన ఆలోచించి, ఊరికి అన్నాడు. ఊరు వచ్చి బోనుల నిలవడతదా అని వకీలు. అందరూ నవ్వారు, ముసలాయన కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. కిటికీ చువ్వ పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. అందరికీ తెలిసిన సంగతి ఒకటి లోపల అంత గట్టిగా నిలబడి ఉండగా, ఒక మనిషి లేచి, ఎవరికి తెలుసు అని అడిగితే అది మెల్లగా కూర్చుంది. అట్లా అడగొచ్చని, అడిగినందుకు ఎవరూ కొట్టరని, పైగా జీతమిస్తారని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి మగ్గం ముందు కూర్చుని ఇదంతా చెప్తే మామ నేస్తూ విన్నాడు. విని, గట్టు ఎవరు జరిపిన్రో మరి తేలిందా అన్నాడు. లేదన్నాను. అయితే ఏం ఫాయిద అన్నాడు.

మామ అట్లాంటివాడే. ఏడో తరగతితో బడి ఆపాడు గానీ పొడుపు కథలంటే ప్రాణం, నా పాఠాలు కూడా ఆయనకు పొడుపు కథలే. సాయంత్రాలు గుంజకు తగిలించిన కాగితం ఆయన పెద్దగా చదువుతాడు, నేను జవాబు చెప్తాను, నాడె అటూ ఇటూ పోతూనే ఉంటుంది. రామయ్య సోమయ్య పక్కన కూర్చోడు, భీమయ్య రామయ్యకు ఎదురుగా కూర్చోడు అని చదివి, వీళ్ళ నడుమ పంచాయితి ఏంది, ఎవడన్న సర్దిచెప్పరాదా అంటాడు. నల్లపక్షి కాకేనా అంటే, జర అన్నం మెతుకులు వేసి చూడు, పది కాకులను పిలిస్తే కాకి అంటాడు. అబద్ధాల ఊరి లెక్క మాత్రం ఆయనకు నచ్చదు, గట్ల అందరు అబద్ధమే చెప్పే ఊరు ఉండదు, మధ్యాహ్నం దాకా చెప్తరేమో, బువ్వ తిన్నంక నిజం చెప్తరు అంటాడు. నవ్వుతాను. నవ్వి జవాబు చెప్తాను. చెప్తే, గదెట్ల అంటాడు, నేను మెట్టు మెట్టుగా వివరిస్తాను, ఆయన తల ఊపుతాడు. నిజం చెప్పాలంటే నాకు తర్కం సారు సిరాతో రాలేదు, ఆయన గదెట్ల అన్నందుకు వచ్చింది. మామ అంటే నాకు ఇష్టం. ఈ వాక్యం ముందు నుంచీ ఒక పక్కన పెట్టి వస్తున్నాను, ఎందుకంటే దీన్ని చేర్చగానే ఇంట్లో ఎవరైనా కాబట్టి అనేస్తారు. ఇష్టం, కాబట్టి పెళ్లి. కాకి కూడా ఇట్లాగే నల్లనిది.

ఆయనకు ఇష్టమో కాదో నాకు తెలియదు. ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తెలియదు. నా పేరు పెట్టిన నాడు, జములమ్మ గుడి నుంచి తెచ్చి నన్ను తొమ్మిదేళ్ళ ఆశన్న ఒళ్ళో పెట్టి, ఇగ ఇది నీదిరా అని అమ్మమ్మ అన్నదట. ఆ మాట నేను వినలేదు, విన్నామన్న వాళ్ళను విన్నాను. కోర్టులో అది చెల్లదు. వనపర్తి నుంచి మంచి సంబంధం వస్తే అమ్మమ్మ తిప్పి పంపింది, నా కొడుకు ఆగుతుండు అని చెప్పి. మామ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే ఉన్నాడు, అవుననలేదు, కాదనలేదు. ఆయన ఈడువాళ్ళు పిల్లలను బడికి దింపుతున్నారు. వాళ్ళు చాయ్ హోటలు దగ్గర, ఏమిరా, పిల్ల లాయరై నిన్ను బోను ఎక్కిస్తదా అని ఎగతాళి చేస్తే నవ్వుతాడు. ఇదీ ఇచ్చిన సమాచారం. ఒక మనిషి పెళ్లి చేసుకోలేదు. ఒక మనిషి మాట్లాడలేదు. దీన్నుంచి ఆగుతున్నాడని తేలుతుందా? ఇష్టపడుతున్నాడని తేలుతుందా? తేలదు. తల్లికి ఎదురు చెప్పలేనివాడై ఉండొచ్చు, పెళ్లే వద్దనుకున్నవాడై ఉండొచ్చు, వనపర్తి పిల్లను మనసులో పెట్టుకున్నవాడై ఉండొచ్చు. నేను ఎన్నోసార్లు అడగాలనుకున్నాను. అడిగితే ఆయన కూడా నన్ను తిరిగి అడుగుతాడు, నీకు ఇష్టమా అని. లేదంటే ఆయన ముఖం చూడలేను, అవునంటే ఇక లేవలేను, ఇటు చివర పీట మీదే ఉంటాను. అందుకని ఇద్దరం రామయ్య సోమయ్యల గురించి మాట్లాడుకుంటూ వచ్చాం.

ముందరింట్లో కాగితం తిప్పిన చప్పుడు. వైశాఖం అంటున్నాడు సాయన్న తాత, శుద్ధమా బహుళమా అని తనలో తాను అనుకుంటున్నాడు. అమ్మమ్మ ఏదో అన్నది, కన్నడం మాట ఒకటి దొర్లింది, బ్యాడ అన్నది, అంటే ఆ ముహూర్తం వద్దని, పట్టుదల మీద ఉన్నప్పుడు ఆమెకు పుట్టింటి భాష వస్తుంది. నాయన మాట్లాడటం లేదు. అమ్మ అసలు ఎక్కడుందో తెలియడం లేదు, తమలపాకులు తుడుస్తూ ఉండి ఉంటుంది. నాడె వచ్చింది. ఎండ కిటికీ దిగి గుంజ మీదికి వచ్చింది, కాగితం అంచు తెల్లగా మెరుస్తోంది. బస్టాండు వైపు నుంచి హారన్ వినిపించింది, మాది కాదు, రాయచూరు బస్సు. ఈ పూట బస్సు పోతే మళ్ళీ ఏడు దాకా పరీక్ష లేదు, మళ్ళీ ఏడుకు నేను ఎదురు గదిలో ఉంటాను, మామను ఏమని పిలవాలో తెలియక ఇగో అంటూ. "ఆశన్నా, జర ఇటు రా," అని అమ్మమ్మ పిలిచింది. వస్త అన్నాడు మామ. లేవలేదు. నాడె విసిరాడు, నేను మెలి వేసి పంపాను, మళ్ళీ విసిరాడు. కళ్ళు గుంజ మీది కాగితం మీద పెట్టాడు. పెదవులు కదుపుతూ లోపల చదువుకున్నాడు.

"గీ లెక్క మల్ల తప్పినవేంది జములూ," అన్నాడు.

తప్పలేదని, వాళ్ళకే మన సంగతి తెలియదని చెప్పాను. అమ్మ తమ్ముడంటే మన దగ్గర ఏమైనా కావచ్చు కదా, అందుకని చాలదని పెట్టానన్నాను. వాళ్ళేం రాయమన్నారని అడిగాడు. మేనమామ అని రాయమన్నారని చెప్పాను. నాడె నా దగ్గరికి వచ్చి ఆగింది. నేను పంపలేదు. ఆయన చెయ్యి చాపుకుని అట్లాగే ఉన్నాడు.

"రేపు గిదే వస్తే ఏం రాస్తవ్?"

ఆయన పరీక్ష గురించే అడుగుతున్నాడు. ఆయన పరీక్ష గురించి అడగడం లేదు. రెండూ ఒకేసారి నిజం కాకూడదని మూడో పాఠంలో ఉంది. నేను ఆయన ముఖం చూశాను, అందులో ఏదైనా దొరుకుతుందని. "నా మొకం జూడకు. కాగితం జూసి చెప్పు," అన్నాడు, కోపం లేకుండా, దారం తెగితే చెప్పినట్టు. కాగితం చూశాను. ఇతని అక్క నా తల్లి. అక్షరాలు కాసేపు కలిసిపోయి మళ్ళీ విడిపడ్డాయి.

"మేనమామ అని రాస్త."

"నిజంగ రాస్తవా?"

"రాస్త మామా."

ఆయన తల ఊపాడు, లెక్క మెట్లు అర్థమైనప్పుడు ఊపినట్టే. నాడె పంపమని వేలితో సైగ చేశాడు. పంపాను. ఇంకో రెండు మూడు వరసలు నేశాడు, తొందర ఏమీ లేనట్టు. తర్వాత గుంటలోంచి కాళ్ళు తీసి, లుంగీకి అంటిన నూలు పోగులు దులుపుకుని ముందరింట్లోకి పోయాడు. గడప దగ్గర ఆగాడు. నాకు ఆయన వీపు కనిపిస్తోంది, బనియను మీద చెమట మరక ఒకటి. ఆ మరకను చూస్తూ విన్నాను.

ఏమిరా, వైశాఖం శుద్ధంలో పెట్టమంటవా బహుళంలో పెట్టమంటవా అని అడిగాడు సాయన్న తాత. రెండింటిలో ఏది చెప్పినా పెళ్ళే. జవాబు ప్రశ్నలోనే పెట్టి అడగడం కోర్టులో వకీళ్ళు చేస్తారు, అవతలి వకీలు లేచి అడ్డుపడతాడు. ఇక్కడ ఎవరూ లేవలేదు. మామ తలుపు చెక్క పట్టుకున్నాడు.

"తాతా, బుట్ట ఎవరు మోస్తరు?"

ఏం బుట్ట అన్నాడు సాయన్న తాత. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చేది మేనమామే కదా, జములమ్మకు మేనమామను నేనొక్కణ్ణే కదా అన్నాడు మామ. సాయన్న తాత తేలికగా నవ్వాడు, అదా నీ పరేషాన్ అన్నాడు, మీ అక్క పెళ్లిలో మీ నాయనకు మాటిచ్చి నేను మొయ్యలేదా, ఆ రోజు మీ బావ పీటల మీద కూర్చుంటే మేనమామ లెక్కన నేను పట్టాను, దీనికీ ఎవరో ఒకరు పడతారు అన్నాడు. మా ఆచారాలకు ఎప్పుడూ ఒక దొడ్డిదారి ఉంటుంది. మామ కదలలేదు.

"గట్ల వద్దు. బుట్ట నేనే మోస్త. పీటల మీద కూసునెటోడు ఇంకెవడన్న ఉంటడు, వాడెవడో దానికే ఎరుక. ఇయ్యాల నా బిడ్డను పట్నం తోలుకపోత. మేనమామ బిడ్డను పరీక్షకు తోలుకపోతే ఏ బజారు ఏమంటది?"

బిడ్డ అన్నాడు, అంటే కూతురని. మా ఇళ్ళల్లో మేనమామ మేనకోడల్ని వట్టిగా బిడ్డ అనడు, పిల్ల అంటాడు, పోరి అంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు. కులపెద్ద ముందు నిలబడి ఒకసారి బిడ్డ అన్నాక ఇక ఆమెను చేసుకోవడం ఉండదు, అమ్మమ్మ కూడా ఆ మాటను దాటలేదు. ఇదంతా అమ్మమ్మకు నాకన్నా ముందే తెలిసింది. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది. "ముప్పై ఏండ్లు రాబట్టె నీకు. దానికోసం ఆగితివి గదరా," అన్నది.

"ఆగిన అని నేనెప్పుడన్న అన్ననా అమ్మా," అన్నాడు మామ.

అనలేదు. నేను సాక్ష్యం చెప్తాను, ఎప్పుడూ అనలేదు. పంచాంగం మూసిన చప్పుడు వినిపించింది, సంచి నాడా బిగించిన చప్పుడు వినిపించింది. నాయన, కంటికి గుడ్డ ఉన్నందుకు ఎటు తిరిగి మాట్లాడాడో తెలియదు గానీ, బస్సులో ముందు సీట్లు పట్టుకోండి, వెనక కుదుపు ఎక్కువ అన్నాడు. వంటింట్లోంచి డబ్బా మూత తీసిన చప్పుడు, అటుకులో మురుకులో, అమ్మ దారికి కడుతోంది. అమ్మ అక్కడ ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది. నాకు సంతోషం కలిగింది, చాలా సంతోషం. ముందు ఆ సంతోషం తప్ప ఇంకేమీ లేదు, అది కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

మామ తిరిగి వచ్చి గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. బస్సుకు ఇంకా పొద్దున్నది, నాలుగు వరసలు నేద్దాం అన్నాడు. ముఖం రోజూ ఉన్నట్టే ఉంది. నేను పెన్సిలు తీసి కాగితం మీద ఎర్రగీత కింద 'ఇ' దగ్గర గుర్తు పెట్టాను, ఆ జాతి లెక్కలో నాది మొదటి సరైన జవాబు. నాడె కోసం చెయ్యి చాపాను. నాడె రాలేదు. మామ బట్ట మీదికి వంగి తన వైపు అంచును వేలితో తడుముతున్నాడు. నేనూ లేచి వంగి చూశాను. అక్కడ మెలి పడలేదు. నడిమి నూలు అంచు పట్టు దాకా పోయి, దాన్ని తాకకుండానే వెనక్కి తిరిగింది. ఒక వరస కాదు, కొన్ని వరసలు, లేచి పోయే ముందు తొందర లేనట్టు నేసినవి. నడుమకూ అంచుకూ మధ్య సన్నని చీలిక, వెలుతురు అందులోంచి కనిపిస్తోంది. నా వైపు అంచు మాత్రం బిగువుగా ఉంది, ఒక్క మెలి కూడా తప్పలేదు. మామ నేత నేను చిన్నప్పటి నుంచి ఎదురుగా కూర్చుని చూస్తున్నాను, ఆయన చేతిలో మెలి తప్పగా ఎన్నడూ చూడలేదు.

విప్పాలె, అన్నాడు మామ, అంతే అన్నాడు. ఇచ్చిన సమాచారం, కొన్ని వరసల్లో మెలి పడలేదు. దీన్నుంచి ఏమి తేలుతుందని సారును అడిగితే ఏమీ తేలదంటాడు, 'ఈ' మీద గుర్తు పెట్టమంటాడు, వ్యక్తిగత విషయాలు చేర్చరాదంటాడు. ఎవరికి తెలుసు, ఎవరు చూశారు అని వకీలు అడుగుతాడు. నేను చూశాను. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి, చీలిక ఒకటి రెండై కనిపించింది. మామ తలెత్తలేదు, నువ్వు పోయి తయారు కా, నేను విప్పుకుంట అన్నాడు. పోలేదు. ఇద్దరు నేసినది ఒక్కరు విప్పలేరు, నడిమి దారం ఇటు చివర కూడా పట్టుకుని ఉంటుంది. పీట దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఆయన అటు నుంచి ఒక్కొక్క వరసే వదులుతుంటే, నేను ఇటు నుంచి నా గట్టి మెలులు ఒక్కొక్కటే విప్పుతూ, బస్సు వేళ అయ్యేదాకా దారం చుట్టుకుంటూ పోయాను.